పేరు పెట్టి ప్రార్థించండి: మన గుడి నుంచి లోకసంఘం దాకా నెల పట్టిక వేసుకోవడం ఎలా

ఆదివారం గుడిలో విజ్ఞాపన ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి మనందరికీ అలవాటైన మాట ఒకటుంది: "ప్రభువా, లోకమంతటా ఉన్న నీ సంఘాన్ని దీవించు, మా సంఘాన్ని దీవించు." ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ ఆ "లోకమంతటా"లో ఏ ఊళ్ళున్నాయో, ఎలాంటి మనుషులున్నారో మనకు తెలియదు. "మా సంఘం" అంటున్నాం గానీ, మూడో బెంచీ చివర కూర్చునే పెద్దావిడ నెల నుంచీ ఎందుకు రావడం లేదో అదీ తెలియదు. పేరు లేని ప్రార్థన నాలుక మీద నుంచి జారిపోతుంది. పేరు పెట్టి అడిగింది మధ్యాహ్నం బియ్యం కడుగుతున్నప్పుడు కూడా గుర్తొస్తుంది. ఎపఫ్రా తన సంఘం కోసం ప్రార్థనలో పోరాడుతున్నాడని పౌలు కొలొస్సయి వాళ్ళకు రాశాడు. పోరాడాలంటే ముందు ఎవరి కోసమో తెలియాలి కదా.

నేను కొన్నేళ్ళుగా ఒక నోటుబుక్కు పట్టుకుని ఈ పని చేస్తున్నాను. రోజుకు పదిహేను, ఇరవై నిమిషాలు. నెల తిరిగేసరికి మా గుడిలో ప్రతి ఇంటి పేరూ ఒకసారి దేవుని ముందు పలుకుతాను. మన అధ్యక్ష మండలాలన్నీ (డయోసీసులు, అంటే ఒక్కో బిషప్పు కింద ఉన్న ప్రాంతాలు) వస్తాయి, ఎప్పుడూ చూడని దేశాల సంఘాలు కూడా వస్తాయి. మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఇలా చేయండి.

నోటుబుక్కు, తారీకులు

రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి కొనండి. ఫోన్‌లో రాసుకుంటే చాలదా అని పిల్లలు అడుగుతారు. చాలదు. ఫోన్ తెరిస్తే ముందు ఇంకేదో కనపడుతుంది, మనసు అటు పోతుంది. పుస్తకం తెరిస్తే ఎదురెదురుగా రెండు పేజీలు కనపడతాయి. ఆ రెండూ కలిపి ఒక రోజు. ఎడమ పేజీ మన గుడికి, కుడి పేజీ బయటి సంఘానికి. పైన 1 నుంచి 31 వరకు తారీకులు వేయండి. అరవై రెండు పేజీలతో పట్టిక అయిపోతుంది, మిగిలినవి ఎందుకు పనికొస్తాయో తర్వాత చెబుతాను.

వారాల లెక్కన కాకుండా తారీకుల లెక్కన వేయమనడానికి కారణం ఉంది. ఇంగ్లండు సంఘం, అంటే ఆంగ్లికన్ సంఘం, 1549లో మొదటి ప్రార్థన పుస్తకం అచ్చువేసినప్పుడు, ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ కీర్తనల గ్రంథం మొత్తాన్ని 30 రోజులకు, ఉదయం ఒక వంతు, సాయంత్రం ఒక వంతు చొప్పున పంచాడు. 150 కీర్తనలు, 60 వంతులు. ఒకటో తారీకు ఉదయం 1 నుంచి 5, సాయంత్రం 6 నుంచి 8. పదిహేనో తారీకు సాయంత్రం 78వ కీర్తన ఒక్కటే, డెబ్బై రెండు వచనాలు. ముప్పయ్యో తారీకు సాయంత్రం 147 నుంచి 150 దాకా చదివితే గ్రంథం పూర్తి. నెలకు 31 రోజులుంటే ముప్పయ్యో తారీకు కీర్తనలే మళ్ళీ. అంతకుముందు మఠాల్లో సన్యాసులు చేసే ప్రార్థనను పొలం పనికి వెళ్ళేవాళ్ళూ, దుకాణం నడిపేవాళ్ళూ చేసుకునేలా సులువు చేశాడాయన. ఇవాళ ఏ కీర్తన అని వెతుక్కోనక్కర్లేదు, తారీకు చూస్తే చాలు. మీ నోటుబుక్కులో ప్రతి రోజు పేజీ మీదా ఆ కీర్తనల అంకెలు రాసుకోండి.

ఒక హెచ్చరిక. 24వ తారీకు సాయంత్రం నుంచి 26 సాయంత్రం దాకా 119వ కీర్తన వస్తుంది, 176 వచనాలు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రెండు పూటలూ చదవలేకపోతే ఒక్క పూటే చదవండి, నెలకు బదులు రెండు నెలల్లో పూర్తవుతుంది, అంతే.

ఎడమ పేజీ: మన ఇళ్ళు

మీ అయ్యగారిని (పాస్టరుగారిని) అడిగి కుటుంబాల రిజిస్టరు చూసి రాసుకోండి. చెప్పకుండా మాత్రం రాసుకోవద్దు, ఆ పుస్తకం ఆయన బాధ్యతలో ఉంటుంది. మీ గుడిలో 120 కుటుంబాలుంటే రోజుకు నాలుగిళ్ళు. పాస్టరేట్, అంటే ఒక అయ్యగారి కింద ఉన్న ఊళ్ళ గుంపు, పెద్దదై పది పన్నెండు ఊళ్ళుంటే, ఒక్కో ఊరికి రెండు మూడు రోజులు ఇవ్వండి.

ఇళ్ళ పేర్లు ఏ వరుసలో రాయాలన్నది చిన్న విషయంలా కనపడుతుంది, కాదు. కమిటీ మెంబర్లతో మొదలుపెట్టకండి. కానుకలు ఎక్కువ ఇచ్చేవాళ్ళతోనూ మొదలుపెట్టకండి. వీధి వరుసలో రాయండి. గుడి గేటు నుంచి బయలుదేరి, కుడిచేతి వైపు మొదటి ఇల్లు, తర్వాతి ఇల్లు, అలా నడుచుకుంటూ వెళ్ళినట్టు. అప్పుడు కళ్ళు మూసుకుంటే గుమ్మాలు కనపడతాయి. మెట్ల మీద కూర్చుని చింతపండు ఒలిచే అమ్మ, వరండాలో మంచం మీద ఉన్న పెద్దాయన, తాళం వేసి ఉన్న ఇల్లు. ఆ తాళం వేసిన ఇల్లు రాయడం మరిచిపోకండి. వాళ్ళు హైదరాబాద్‌లోనో కువైట్‌లోనో డాలస్‌లోనో ఉంటారు. వాళ్ళ సంఘం మనదే.

ఇంటి పేరు ఒక్కటే రాస్తే సరిపోదు. ఆ ఇంట్లో ప్రతి ఒక్కరి పేరూ రాయాలి, చంటిపిల్లల పేర్లతో సహా. బాప్తిస్మంలో దేవుని ముందు పలికిన పేరు అది, ముద్దుపేరు కాకుండా అదే రాయండి. పిల్లల పూర్తి పేర్లు తెలుసుకోవడానికే నేను సగం ఊరు తిరిగాను. ఆ తిరగడంలోనే ఎన్నో సంగతులు తెలిశాయి.

31వ తారీకు ఏడాదికి ఏడుసార్లే వస్తుంది. ఆ పేజీ గుడికి రావడం మానేసినవాళ్ళది. మనవల్ల నొచ్చుకుని వెళ్ళిపోయినవాళ్ళు, వేరే సంఘంలో చేరినవాళ్ళు, ఏ సంఘానికీ వెళ్ళనివాళ్ళు. "వాళ్ళను తిరిగి తీసుకురా" అని కాకుండా "వాళ్ళతో ఉండు" అని అడగడం నాకు సరైనదనిపిస్తుంది.

తారీకులు ఇళ్ళకు పోగా, వారంలో రోజులు పరిచర్యలకు పెట్టుకోండి. నేను వేసుకున్నది చెబుతాను, మీ వీలును బట్టి మార్చుకోండి. సోమవారం అయ్యగారు, అమ్మగారు, వాళ్ళ పిల్లలు, ఇళ్ళకు వెళ్ళి వాక్యం చెప్పే బైబిల్ ఉమెన్, గుడి ఊడ్చి గంట కొట్టే మనిషి. అయ్యగారికి ఆదివారం అంతా పని, సోమవారం ఆయన అలసట గుర్తు చేసుకోవడానికి మంచి రోజు. మంగళవారం సండే స్కూల్, హాస్టల్ పిల్లలు. బుధవారం స్త్రీల మైత్రి, అంటే మన గుడి ఆడవాళ్ళ సమాజం. గురువారం మన ఊళ్ళో మిగతా సంఘాలు: లూథరన్లు, బాప్టిస్టులు, కతోలికులు, పెంతెకొస్తు వాళ్ళు. వాళ్ళ పాస్టర్ల పేర్లు మీకు తెలియకపోతే ముందు తెలుసుకోండి. శుక్రవారం రోగులు. శనివారం కమిటీ, గుడి లెక్కలు, రేపటి ప్రసంగం. ఆదివారం ఎడమ పేజీలో ఇళ్ళ పేర్లు తప్ప ఇంకేమీ వద్దు, గుడికి వెళ్ళి అందరితో కలిసి ప్రార్థించండి.

కుడి పేజీ: మొదట మన అధ్యక్ష మండలాలు

మనం సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళం, ఆంగ్లికన్ల కోసం ఎందుకు ప్రార్థించాలి అని ఒకరిద్దరు నన్నడిగారు. 1947 సెప్టెంబరు 27న చెన్నైలోని సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్ కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్ళు కలిశారు. మెదక్ వాళ్ళది మెథడిస్టు వేరు. రాయలసీమ వాళ్ళది లండన్ మిషన్ వేరు. దోర్నకల్, కృష్ణా తీరం, నంద్యాలలది ఆంగ్లికన్ వేరు. వేర్లు ఏవైనా, సీఎస్ఐ ఇవాళ ప్రపంచ ఆంగ్లికన్ సహవాసంలో పూర్తి సభ్యురాలు. యోహాను 17లో ప్రభువు చేసిన ప్రార్థనలోని "వారందరును ఏకమై యుండవలెనని" అన్న మాటే సీఎస్ఐ తన ధ్యేయవాక్యంగా పెట్టుకుంది. కాబట్టి లోకంలోని ఆంగ్లికన్లు మనకు చుట్టాలు కాదు, ఇంటివాళ్ళే.

తెలుగు నేల మీద సీఎస్ఐ అధ్యక్ష మండలాలను సోమవారం నుంచి శనివారం దాకా రోజుకొకటి రాసుకోవచ్చు. ప్రతి పేరు పక్కన ఆ చోటును గురించి ఒక నిజమైన సంగతి రాయండి. ఒక్కటి చాలు. ఆ ఒక్కటి లేకపోతే పేరు ఊరికే పేరుగా మిగిలిపోతుంది.

దోర్నకల్ పక్కన నేను ఇలా రాసుకున్నాను: "1912 డిసెంబరు 29, కలకత్తా, అజరయ్య గారు." ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారిని అభిషేకించిన రోజు అది. ఆయన తమిళుడు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు సొంతంగా ఒక మిషనరీ సొసైటీ పెట్టుకుని, తమ డబ్బుతో, తమ మనుషుల్ని, భాష కూడా తెలియని మన ప్రాంతానికి పంపారు. ఆ సొసైటీ పెట్టడంలో ముందున్నవాడు, తర్వాత తానే దోర్నకల్ వచ్చినవాడు అజరయ్య గారు. దోర్నకల్‌లో ఆయన హయాంలో కట్టిన ప్రత్యక్షతా దేవాలయాన్ని 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగ నాడే ప్రతిష్ఠించారు. మన పెద్దలు ఇంకా సువార్త వినకముందే, ఎక్కడో తామ్రపర్ణి ఒడ్డున కూర్చున్నవాళ్ళు మన కోసం ఖర్చు పెట్టారు. నేను కుడి పేజీ రాయడానికి అసలు కారణం ఇదే. దూరాన ఉన్న పరాయివాళ్ళు పట్టించుకోబట్టే మనకు ఈ గుళ్ళున్నాయి.

మెదక్ పక్కన కరువు అని రాశాను. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన ఆ మహా దేవాలయాన్ని ఛార్లెస్ వాకర్ పాస్నెట్ గారు కరువు కాలంలో జనానికి పని దొరకాలని కట్టించారు. కృష్ణా-గోదావరి పక్కన 1841, మచిలీపట్నం; మిషనరీలు ఫాక్స్, నోబుల్ గార్లు వచ్చిన ఏడాది. రాయలసీమకు జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి. కరీంనగర్‌కు 1978, విడి మండలంగా ఏర్పడిన సంవత్సరం. నంద్యాలకు రెండు సంగతులు రాయకుండా ఉండలేకపోయాను: అక్కడివాళ్ళు 1947లో చేరకుండా ఆంగ్లికన్లుగానే ఉండిపోయి 1975లో సీఎస్ఐలోకి వచ్చారు, 2013లో ఆ మండలానికే పుష్పలలిత గారు బిషప్పయ్యారు, సీఎస్ఐలో ఆ బాధ్యత అందుకున్న మొదటి స్త్రీ ఆవిడ.

సీఎస్ఐలో శ్రీలంకలోని జాఫ్నా కూడా ఒక అధ్యక్ష మండలమని చాలామందికి తెలియదు. నేను దాన్ని శనివారం కలుపుకుంటాను.

తర్వాత లోకసంఘం

ప్రపంచ ఆంగ్లికన్ సహవాసంలో 42 ప్రావిన్సులు, అంటే ఒక దేశంలోనో కొన్ని దేశాల్లోనో తమను తాము నడుపుకునే సంఘాలు, ఉన్నాయి. వీటన్నిటి కోసం లండన్‌లోని ఆంగ్లికన్ కమ్యూనియన్ ఆఫీసు ఒక ప్రార్థన పట్టిక తయారుచేస్తుంది, పేరు ఆంగ్లికన్ సైకిల్ ఆఫ్ ప్రేయర్. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మామూలు రోజుల్లో రోజుకు ఒకటో రెండో అధ్యక్ష మండలాల పేర్లు, ఆదివారం ఒక ప్రావిన్సు పేరు ఉంటుంది. ఒకరోజు మన సీఎస్ఐ పేరు వస్తుంది. ఆ రోజు నైజీరియాలో, న్యూజిలాండ్‌లో, ఎక్కడెక్కడో మనల్ని తలుచుకుంటారు.

ఆదివారం సాయంత్రం కూర్చుని ఆ వారం పేర్లు తెలుగులో రాసుకోండి. పలకడం వచ్చేలా రాయాలి. జపాన్ సంఘం పేరు నిప్పాన్ సెయ్ కో కయ్, హాంగ్‌కాంగ్ వాళ్ళది షెంగ్ కుంగ్ హుయ్, న్యూజిలాండ్ పేరుకు ముందు వాళ్ళ మావోరీ పేరు ఆయోటియరోవా ఉంటుంది. మొదట్లో ఈ పేర్లు చూసి దాటేసేదాన్ని. ఒకసారి మన ఊరి పేరును బయటివాళ్ళు ఎలా పలుకుతారో, మనకెలా ఉంటుందో ఆలోచించాను. అప్పటినుంచి మూడుసార్లు పలికి చూసుకున్నాకే ప్రార్థన మొదలుపెడతాను.

పిల్లల అట్లాసు ఒకటి పక్కన పెట్టుకోండి. పేరు రాగానే వేలుపెట్టి చూపించండి. కుటుంబ ప్రార్థనలో పిల్లలు ఇష్టంగా చేసే భాగం ఇదే.

ఇక్కడా ఒక్కో చోటుకు ఒక్కో సంగతి. జెరూసలేం అధ్యక్ష మండలం వస్తే, గాజాలోని అల్ అహ్లీ ఆసుపత్రి ఆ మండలానిదే. సూడాన్ వస్తే, 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధం. ఉగాండా వస్తే, ఇదీ అమీన్ పాలనలో 1977 ఫిబ్రవరిలో ప్రాణమిచ్చిన ఆర్చిబిషప్ జనాని లువుమ్. మెలనేషియా వస్తే, సాలమన్ దీవుల్లో 2003లో తిరుగుబాటుదారుల చేతిలో చనిపోయిన మెలనేషియన్ బ్రదర్స్ అనే సన్యాస సహోదరులు ఏడుగురు. తమ సహోదరుడొకరు తిరిగి రాలేదని వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు.

పొద్దున అయిదున్నరకు మీరు నోటుబుక్కు తెరిచేసరికి, చలికాలంలోనైతే లండన్‌లో సరిగ్గా అర్ధరాత్రి. కెన్యాలో తెల్లవారుజామున మూడు. టొరంటోలో ముందురోజు సాయంత్రం ఏడు. సాలమన్ దీవుల్లో పొద్దున పదకొండు, అప్పటికే వాళ్ళు ఉదయ ప్రార్థన ముగించి పనుల్లో ఉంటారు. రోజంతా ఎక్కడో ఒకచోట ఈ కీర్తనలు వినపడుతూనే ఉంటాయి. మీ వంతు మీకు వచ్చింది, అంతే.

ఆంగ్లికన్ సహవాసంలో పెద్దయిన కాంటర్బరీ ఆర్చిబిషప్పు కోసం, సీఎస్ఐకి పెద్దయిన మన మోడరేటర్ కోసం, మన బిషప్పు గారి కోసం రోజూ ఒక వాక్యం పెట్టుకోండి. పేర్లు పెన్సిల్‌తో రాయండి, మారుతుంటాయి.

పదిహేను నిమిషాల క్రమం

కూర్చోగానే అడగడం మొదలుపెట్టకండి. ముందు "ప్రభువా, నా నోరు నీ స్తుతిని ప్రచురపరచునట్లు నా పెదవులను తెరువుము" అనే 51వ కీర్తన మాట పలకండి. ఒక నిమిషం మౌనంగా ఉండి నిన్నటి తప్పులు ఒప్పుకోండి. ఆ తారీకు కీర్తన పైకి చదవండి, ఇద్దరుంటే ఒక వచనం ఒకరు, ఒక వచనం ఒకరు. సువార్తలో ఒక చిన్న భాగం చదవండి. తర్వాత విశ్వాస ప్రమాణం. అప్పుడు ఎడమ పేజీ పేర్లు, కుడి పేజీ పేర్లు. ఆఖరున పరలోక ప్రార్థన, కృపా వాక్యం. టైము లేని రోజు కీర్తన తగ్గించండి, పేర్లు తగ్గించకండి.

ఒక్కో పేరు పలికాక ఊపిరి తీసి వదిలేంత సేపు ఆగాలి. నేను ఎవరికి నేర్పినా ముందు ఇదే చెబుతాను. గబగబా చదివితే అది హాజరు పట్టీ అవుతుంది.

సొంతంగా ప్రార్థన కూర్చుకోవడం

పేరు పలికాక ఏమని అడగాలో తోచదు. "దీవించు" తప్ప మాట రాదు. దీనికి మన ప్రార్థన పుస్తకంలోనే మంచి పద్ధతి ఉంది. ప్రతి ఆదివారానికీ నియమించిన చిన్న ప్రార్థనను, పెద్దలు కలెక్ట్ అంటారు, జాగ్రత్తగా గమనించండి. ముందు దేవుణ్ణి పిలుస్తుంది. తర్వాత ఆయన ఎలాంటివాడో ఒక మాట చెబుతుంది. ఆ మీదట ఒక్కటంటే ఒక్కటే అడుగుతుంది. ఎందుకు అడుగుతున్నామో చెబుతుంది. యేసుక్రీస్తు ద్వారా అని ముగుస్తుంది. సంస్కారపు ఆరాధన మొదట్లో మనం చెప్పే ప్రార్థన గుర్తు తెచ్చుకోండి: అందరి హృదయాలూ ఎదుట తెరిచి ఉన్న దేవుణ్ణి పిలిచి, ఆ హృదయాన్నే శుభ్రం చేయమని అడుగుతాం. పిలుపుకూ మనవికీ పొత్తు ఎలా కుదిరిందో చూడండి.

మీ ఊళ్ళో మిర్చి కోతలు నడుస్తున్నాయనుకోండి. "ప్రభువా, మా రైతులను దీవించు" అనే బదులు ఇలా:

"విత్తే కాలాన్నీ కోసే కాలాన్నీ మాట తప్పకుండా నిలుపుతున్న దేవా, కల్లంలో కాయలు ఆరబోసుకుని మబ్బు వంక చూస్తున్న ఈ నాలుగిళ్ళ వాళ్ళకు ఈ వారం ఎండ కాయనివ్వు. తెచ్చిన అప్పు తీర్చి, కంటి నిండా నిద్రపోయేలా చెయ్యి. మా ప్రభువైన యేసుక్రీస్తు ద్వారా వేడుకుంటున్నాం. ఆమేన్."

మెలనేషియా రోజు:

"గాలినీ అలలనూ గద్దించిన ప్రభువా, దీవి నుంచి దీవికి పడవల మీద వెళ్ళి నీ మాట చెప్పే సేవకులను ఇవాళ క్షేమంగా ఒడ్డు చేర్చు. శాంతి కోసం ప్రాణమిచ్చిన తమవాళ్ళ త్యాగం వాళ్ళకు భయంగా కాకుండా ధైర్యంగా మారనివ్వు. నీ నామంలో అడుగుతున్నాం. ఆమేన్."

పెద్ద భాష అక్కర్లేదు. మీ అమ్మతో మాట్లాడే తెలుగు చాలు. గ్రాంథికంలోనే చేయాలన్న పట్టుదల వల్ల ఎంతోమంది నోరు విప్పకుండా వెనక బెంచీల్లో ఉండిపోయారు, నాకు అది చాలా బాధ.

వాట్సాప్‌లో పెట్టేముందు

ఇది నా తప్పు వల్ల నేర్చుకున్నది. ఒక కుటుంబంలో పెద్ద జబ్బు వచ్చిందని తెలిసి, ప్రార్థించండి అని సంఘం గ్రూపులో జబ్బు పేరుతో సహా పెట్టేశాను. గంటలో ఊరంతా తెలిసింది. ఆ ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. వాళ్ళు నన్నొక్క మాట అనలేదు, కానీ ఆ ఆదివారం ఆ ఇంటి అమ్మ నా ముఖం చూడలేదు. వెళ్ళి క్షమాపణ అడిగాను. ఆ రోజు నుంచీ పెట్టుకున్న నియమం ఇది: గ్రూపులో పేర్లు మాత్రమే, కారణాలు రాయను. కారణం చెప్పాలంటే ఆ మనిషి నోటితో సరేననాలి. నోటుబుక్కులో కూడా జబ్బులు, అప్పులు, కాపురాల గొడవలు రాయకండి. పుస్తకం బల్ల మీద ఉంటుంది, వచ్చినవాళ్ళు తిప్పి చూస్తారు. చిన్న చుక్క పెట్టుకోండి, ఎందుకో మీకు తెలుస్తుంది, దేవునికి తెలుస్తుంది.

గొడవల సంగతి. పాస్టరేట్ ఎన్నికలు, ఆస్తుల తగవులు, కోర్టు కేసులు మన సంఘాల్లో ఉన్నాయి. లోక ఆంగ్లికన్ సహవాసంలోనూ స్త్రీల అభిషేకం మీద, వివాహం మీద ప్రావిన్సుల మధ్య లోతైన భేదాలున్నాయి. ఇలాంటి రోజుల్లో రెండు పక్షాలవాళ్ళ పేర్లూ ఒకే వరుసలో రాసి, ఒకే ఊపిరిలో పలకండి. "వాళ్ళకు బుద్ధి దయచేయి" అన్నది ప్రార్థన రూపంలో ఉన్న తిట్టు. అలాంటివి నోట రాకుండా చూసుకోండి. "మాలో ఎవరికీ కనపడనిది మా అందరికీ చూపించు" అనండి.

ప్రత్యేక దినాలు

కొన్ని రోజులు పట్టిక పక్కన పెట్టాలి. జనవరి 18 నుంచి 25 క్రైస్తవ ఐక్యతా వారం, గురువారానికి పెట్టుకున్న మిగతా సంఘాల పేర్లు రోజూ పలకండి. ఆరోహణ దినం నుంచి పెంతెకొస్తు పండుగ దాకా, శిష్యులు మేడగదిలో కనిపెట్టినట్టు, ఇంకా సువార్త వినని అయిదుగురి పేర్లు రాసుకుని రోజూ ప్రార్థించండి. 2016 నుంచి ఆంగ్లికన్ సంఘాలు ఎన్నో దేశాల్లో ఆ రోజుల్ని ఇలాగే గడుపుతున్నాయి. సెప్టెంబరు 27న సీఎస్ఐ అంతటి కోసం. కోత పండుగ నాడు పొలాలు, కూలీలు. అయ్యగారి బదిలీ మాట వినపడితే, వచ్చే అయ్యగారి కోసం పేరు తెలియకముందే మొదలుపెట్టండి, వెళ్ళే అయ్యగారిని మాత్రం మరిచిపోకండి.

మధ్యలో రోజులు తప్పిపోతాయి. జ్వరం వస్తుంది, ప్రయాణాలుంటాయి. తప్పిన పేజీలన్నీ ఒకేసారి తీర్చుకోవాలని కూర్చోకండి. ఇవాళ్టి తారీకు తెరవండి. తప్పిపోయిన ఇళ్ళు వచ్చే నెల వస్తాయి.

మిగిలిన పేజీల సంగతి చెబుతానన్నాను. అవి స్తోత్రానికి. జవాబు వచ్చినప్పుడల్లా తారీకు వేసి ఒక వరుస రాయండి: ఉద్యోగం వచ్చింది, బిడ్డ పుట్టాడు, అన్నదమ్ములు మాట్లాడుకున్నారు. ఎదురుచూసినట్టు జరగనిది కూడా రాయండి. ఏడాది చివర మా ఇంట్లో ఇవి పైకి చదువుకుంటాం.

ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే ఆ పేరు కొట్టేయకండి. పక్కన చిన్న సిలువ గుర్తు వేయండి. నవంబరు 2న సమాధుల పండుగకు వెళ్ళేటప్పుడు నోటుబుక్కు తీసుకెళ్ళి, ఆ ఏడాది సిలువ గుర్తు పడిన పేర్లన్నీ సమాధుల దగ్గర పలికి స్తోత్రం చెప్పండి. ఆ తర్వాత కొద్ది వారాలకే ఆగమన కాలం మొదలవుతుంది, సంఘానికి అది కొత్త సంవత్సరం. కొత్త నోటుబుక్కు కొని, గేటు నుంచి కుడిచేతి వైపు మొదటి ఇంటితో మళ్ళీ రాయడం మొదలుపెట్టండి. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళ పేర్లు, పుట్టిన పిల్లల పేర్లు అప్పుడే చేరతాయి. పాత పుస్తకం పారేయకుండా గుడి బీరువాలో పెట్టమని అయ్యగారికి ఇవ్వండి.